గిన్నెలో మిగిలిన బువ్వ

పోయినేడు జగిత్యాలలో చెల్లెలింటికి వెళ్లినప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటే పరగడుపున 168 వచ్చింది. 126 దాటితే షుగర్ కిందే లెక్కట. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. "నేను తీపే ముట్టను మేడం" అన్నాను. డాక్టరమ్మ "అన్నం ఎంత తింటారు?" అంది.

జవాబు సిరిసిల్లలో మా వంటింట్లో దొరికింది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన బువ్వ పారబోయ మనసొప్పక నేనే తినేస్తాను. పిల్లలు పళ్లెంలో వదిలింది కూడా. మీరూ అంతే కదూ? ఇరవై రెండేళ్ల ముద్దలు లెక్కేస్తే ఎన్ని బస్తాలో!

కోరుట్లలో మా అమ్మ పొద్దంతా చేట ముందు కూర్చుని బీడీలు చుట్టేది. షుగర్‌తో కాళ్లకు స్పర్శ పోయింది. చెప్పు కరిచిన పుండు తెలిసేసరికి వేలు తీసేయాల్సి వచ్చింది. అందుకే నేను రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకుంటాను.

ఇప్పుడు తెలంగాణ సోనా బియ్యం తెస్తున్నాం. గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువే గానీ, కుప్పగా వడ్డించుకుంటే అదీ అన్నమే. మధ్యాహ్నం ఒక కప్పు, తోటకూర పప్పు ఎక్కువగా. రాత్రి జొన్నరొట్టె తిని, సాంచెల చప్పుడు వింటూ అరగంట నడక. మాత్ర మాత్రం మానలేదు.

మొన్న 7.0 వచ్చింది. ఆ రాత్రే అత్తమ్మ, "గింతంత మిగిలింది, తినరాదే" అంది.

"పక్కింటి బర్రె కుడితిల పోస్త అత్తమ్మా" అన్నాను.

కాసేపు నా మొహం చూసింది. మర్నాడు ఎసట్లో గుప్పెడు బియ్యం తక్కువ పోసింది.