పదిమందితో పని



మాది పాతబస్తీలోని మొఘల్‌పురా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఇప్పుడు ఎం.సి.ఎ. చివరి సంవత్సరం. సాఫ్ట్‌వేర్ అంటే ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని అని మా బస్తీలో అనుకుంటారు. నిజానికి అది మా నాన్న చేసే తాపీపని లాంటిదే. ఒకరు పేర్చిన వరస మీదే ఇంకొకరు పేర్చాలి.

ఐ.బి.ఎం.లో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకం రాశారు. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నారు. కొత్తవారికి నేర్పడానికి పాతవారి సమయం పోతుంది. పైగా ముగ్గురుంటే మాట్లాడుకునే జతలు 3, పదిమందైతే 45. అందుకే కోడింగ్ ఎంత ముఖ్యమో, స్పష్టంగా చెప్పడం, ఓపికగా వినడం అంతే ముఖ్యం.

ఇవి నేర్చుకోవడానికి అమీర్‌పేటలో ఫీజు కట్టనక్కరలేదు. మెస్ కమిటీలో సరుకుల లెక్క అందరి ముందు చదవండి. పదిమంది తరఫున వార్డెన్ గారితో మర్యాదగా మాట్లాడండి. జూనియర్‌కు విసుక్కోకుండా పాఠం చెప్పండి. తోటివారి కోడ్‌లో తప్పుంటే కోడ్‌నే అనండి, మనిషిని అనకండి.

ఇంగ్లీషు తడబడుతుందని గ్రూప్ డిస్కషన్‌లో నోరు మూసుకోవద్దు. నాన్న ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుతూనే పనివాళ్ళతో మూడంతస్తులు లేపుతాడు. విషయం తెలిసినవాడి మాట కోసం జట్టు ఆగి వింటుంది. ముందు విషయం నేర్చుకోండి, ఆపై ధైర్యంగా చెయ్యెత్తండి.