మా ఊళ్లో మోగని రికార్డులు

చోడవరంలో పాట అంటే సినిమా పాటే. బస్టాండు దగ్గర సెల్ షాపులో మోగేది అదే, పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల్లో అదే. వినాయక చవితి పందిట్లో పొద్దుటి సుప్రభాతం అయిపోయాక మళ్లీ అదే. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన ఊరు కాబట్టి ఆ తొమ్మిది రోజులూ వీధికో మైకు. సినిమా పాట మీద నాకేం కోపం లేదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు, అదే మన గుమ్మంలోకి వస్తుంది. తక్కిన సంగీతం కావాలంటే మాత్రం మనమే లేచి వెళ్లాలి.

చెరకు నరుకుళ్లు మొదలై గానుగ పొయ్యిలు రాజుకునే రోజులకి, ఏడాది పొడుగునా విన్నవాటిలో ఏవి మనసులో నిలబడ్డాయో చూసుకోవడం నాకు అలవాటు. ఈసారి నిలబడ్డవాటిలో సినిమా పాట ఒక్కటీ లేదు. కొత్తగా వచ్చినవీ తక్కువే, నేను కొత్తగా విన్నవే ఎక్కువ. ఒక రికార్డుకి అది విడుదలైన ఏడాది ఎంత ముఖ్యమో, మన చెవిన పడిన ఏడాదీ అంతే ముఖ్యమని నా నమ్మకం.

అన్నిటికన్నా ముందు చెప్పవలసినవి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత 78 రికార్డులు. ఎవరో పుణ్యాత్ములు దాచుకున్న ప్లేట్ల నుంచి ఎక్కించగా ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. ద్వారం వారు 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది విశాఖపట్నంలో. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల తెరిచి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టినప్పుడు, పాతికేళ్లు దాటీ దాటని ఈయన అక్కడ వయొలిన్ ఆచార్యుడయ్యారు. విద్యార్థిగా చేరదామని వెళ్తే మేష్టారుగా చేర్చుకున్నారని మా ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. చూపు బాగా మందం. వయొలిన్ అంటే గాయకుడి పక్కన కూర్చునేదే అనుకునే రోజుల్లో, దాన్ని ఒంటరిగా కచేరీ చేయించిన మనిషి.

ఆ ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. ముందు ముల్లు గీసుకుంటున్న చప్పుడు, ఆ వెంటనే రాగం. కచేరీలో రాగాన్ని తీరుబాటుగా పరిచే విద్వాంసుడికి ఇక్కడ ఆ వ్యవధి లేదు. అయినా తొందర పడుతున్నట్టు ఎక్కడా ఉండదు. నాలుగు సంగతులతో రాగం నిలువెత్తున వచ్చి నిలబడుతుంది. నేను మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి విన్నది ఆయన కమానుని. పైకి వెళ్లిన కమాను ఎక్కడ మళ్లి కిందకి దిగిందో చెవికి అందదు. పాడేవాళ్లయినా ఊపిరి తీసుకోవడానికి ఆగుతారు, ఈ తీగ ఆగదు. తెర మీద ఏ హీరో ఉన్నాడో, ఏ సందర్భంలో వచ్చిందో తెలియాల్సిన పని లేకుండా, వట్టి నాదం మనిషిని ఇంతసేపు కట్టిపడెయ్యగలదని తెలియడానికి ఈ మూడు నిమిషాలు చాలు. నన్నడిగితే ఈ ఏటి రికార్డు ఇదే. ఇయర్‌ఫోన్లు వద్దు. ఆ గరగర చెవిలోకి నేరుగా దిగితే తీగ వెనకబడిపోతుంది. చిన్న స్పీకర్ పెట్టుకుని గదికి అవతల కూర్చుని వినాలి.

అదే కళాశాలలో చదువుకోవడానికి వెళ్లి, విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్న కుర్రాడు ఘంటసాల. ఆయన భగవద్గీత మనందరి ఇళ్లలోనూ ఉంది, కానీ ఎవరమూ వినం. మన దగ్గర ఆ గొంతు మొదలైందంటే ఎవరో పోయారని లెక్క. వైకుంఠ రథం మీదా, పాడె కట్టే ఇంటి ముందూ తప్ప ఇంకెక్కడా దానికి చోటు లేకుండా చేసుకున్నాం. ఈ ఏడాది ఒక పొద్దున్న తలుపులు తీసి, మొదటి నుంచి చివరి దాకా విందామని పెట్టాను. పది నిమిషాలు కాలేదు, పక్కింటి మామ్మగారు గుమ్మం దగ్గరికొచ్చి, “ఏటైంది బాబూ, ఇంట్లో అందరూ బాగున్నారా?” అని అడిగారు. బాగున్నామని చెప్పి కూర్చోమన్నాను. కూర్చున్నారు, కాఫీ తాగారు, సగం దాకా విన్నారు. “ఇందులో ఇన్ని మాటలున్నాయని ఎప్పుడూ వినలేదు బాబూ, ఏడుపుల్లో ఏం వినబడతాయి?” అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నూరుకు పైగా శ్లోకాలు, వాటికి తేట తెలుగులో తాత్పర్యం. ఆరోగ్యం బాగోని చివరి రోజుల్లో పాడింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. సినిమాల్లో ఆకాశాన్నంటిన గొంతు ఇక్కడ తనంతట తానే తగ్గి, దగ్గరగా కూర్చుని చెబుతుంది. తాత్పర్యం చదివేటప్పుడు ప్రతి మాటకీ దాని బరువు ఇస్తుంది. దీన్ని చావు ఇంటి నుంచి విడిపించి మళ్లీ మామూలు పొద్దుటి పూటలోకి తెచ్చుకోవాలి మనం.

మాండలిన్ శ్రీనివాస్ సంగతికి వస్తాను. పాలకొల్లులో 1969లో పుట్టిన పిల్లాడు. జంటలుగా ఎనిమిది తీగలుండే పాశ్చాత్య వాద్యాన్ని కరెంటుతో పలికే అయిదు తీగల వాద్యంగా మార్చుకుని, గమకం పలకదన్న చోట గమకం పలికించాడు. ఆయన కర్ణాటక కచేరీల రికార్డులు చాలామంది దగ్గర ఉన్నాయి. నేను ఈ ఏడు విన్నది ‘డ్రీమ్’. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేశాడు, పీటర్ గాబ్రియెల్ పెట్టిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో విడుదల చేసింది. తాళం లెక్కల్లో పెరిగిన చెవికి మొదట కొంచెం వింతగా ఉంటుంది. గిటారు మబ్బులా పరుచుకుని ఉంటే, మాండలిన్ ఎక్కడికో వెళ్లే పనేమీ లేనట్టు అందులో తిరుగుతుంది. సంప్రదాయం తెలిసిన మిత్రుడొకాయన “ఇది కచేరీ కాదు” అన్నారు. కాదు, నిజమే. కచేరీ కావాలంటే కచేరీ రికార్డులే వినొచ్చు. తన విద్యని ఎక్కడా వదులుకోకుండా పరాయి వాకిట్లో ఇంత నిబ్బరంగా నిలబడటం ఇందులో వినాలి.

45 ఏళ్లకే, 2014 సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయాడు. జాన్ మెక్‌లాక్లిన్, జాకిర్ హుస్సేన్‌ల శక్తి బృందం 1977 తర్వాత మళ్లీ స్టూడియోలో చేసిన ఆల్బమ్ ‘దిస్ మొమెంట్’ 2023లో వచ్చింది, మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ గెలిచింది. అందులో మొదటి అంశం పేరులోనే మన శ్రీనివాస్ ఉన్నాడు: ‘శ్రీనీస్ డ్రీమ్’. ఈ రెండు రికార్డులనూ ఒకదాని వెంట ఒకటి వినండి. బాలమురళి తత్వాలూ, నేదునూరి అన్నమయ్య కీర్తనలూ ఈ ఏడూ విన్నాను, కానీ అవి ఏటేటా ఉండేవే.

ఇక లేని రికార్డు గురించి. మా వైపు తీర్థాల్లో తప్పెటగుళ్లు ఆడతారు. రొమ్ముకి గుండ్రటి రేకు తప్పెట్లు కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడతారు. గురువు ఒక చరణం అంటాడు, దళం అందుకుంటుంది. అరిచెయ్యి రేకు మధ్యలో పడితే ఒక శబ్దం, అంచుకి తగిలితే ఇంకోటి. వేగం హెచ్చేకొద్దీ ఆ రెండింటి మధ్య గజ్జె దూరిపోతుంది. ఫోన్లో దొరికే ఉత్తరాంధ్ర జానపదాల్లో నేను వెతికినంత మేర ఈ శబ్దం దొరకలేదు. పాట ఉంటుంది, దాని కింద కీబోర్డు, రిథమ్ ప్యాడు పరిచేస్తారు. గొంతుకి గదిలో ప్రతిధ్వని కలుపుతారు. చానెల్ పేరు పెద్దక్షరాల్లో, వాయించినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారు ఈ నేల బాణీలను రాష్ట్రమంతా పాడించారు. ఆ బాణీలు పుట్టిన చోటి తప్పెట మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఇంకా రికార్డుకి ఎక్కవలసే ఉంది. ప్యాడూ వద్దు, గదీ వద్దు. ఆరుబయట రెండు మంచి మైకులు, అట్ట మీద దళంలో అందరి పేర్లూ ఉంటే చాలు.

అరువు తెచ్చుకున్న రికార్డరు నా దగ్గర ఉంది. పక్క ఊరి దళం గురువు గారిని అడిగాను. “గౌరీ పరమేశ్వరుల సంబరం నాడు వద్దు బాబూ, ఆ బాక్సుల గోలలో మా గజ్జెలు మాకే వినబడవు. మర్నాడు పొద్దున్న కళ్లంలోకి రండి, మొత్తం కథ ఆడతాం. మధ్యలో ఆపమనకండి” అన్నారు.