ఇంట్లో మనిషే

పోయిన శుక్రవారం కువైట్‌లోని సాల్మియాలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళాం. మిరపకాయ బజ్జీలు వాయ తర్వాత వాయ వస్తూనే ఉన్నాయి, వేసే మనిషి మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. "శుక్రవారం ఈమెకు సెలవు లేదా వదినా?" అన్నాను. "సెలవిస్తే మాత్రం ఎక్కడికి పోతుంది పాపం! మాకు ఇంట్లో మనిషే" అందావిడ. వారమైంది. బజ్జీలు అరిగాయి గానీ ఆ మాట అరగలేదు.

ఇంట్లో మనుషులకు సెలవు అక్కర్లేకపోతే, ఆ ఇంటాయనకి శుక్ర, శనివారాలు రెండూ ఎందుకో? అదీ అడగాల్సింది. నోట్లో బజ్జీ ఉండి అడగలేకపోయాను.

కువైట్‌ను ఎన్ని అనుకున్నా, ఇంటిపనివాళ్ళకంటూ 2015లోనే విడిగా చట్టం చేసింది, 68వ నంబరుది. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటేడు కనీస జీతం 60 దినార్లన్నారు. ఆఫీసులో కూర్చుని లెక్కలు రాసే నాకు 8 గంటలు, ముసలామెను లేపి కూర్చోబెట్టే మనిషికి 12! సరే, అదైనా ఉంది. మన దేశంలో ఇలాంటి చట్టం సంగతి చూడడానికి కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

చట్టంలోని సెలవు చేతికొచ్చేసరికి ఎంత మిగులుతుందో ఇక్కడ నాకు తెలిసిన రాజంపేట అక్కను చూస్తే తెలుస్తుంది. మంచంలో ఉన్న కువైటీ పెద్దావిడను చూసుకుంటుంది. ఎప్పుడో ఒక శుక్రవారం డబ్బు పంపడానికి కువైట్ సిటీలోని మాలియాకు వస్తుంది. కూర్చోదు. చాయ్ నిలబడే తాగుతుంది, సంచి భుజం మీంచి దించదు, ఫోన్ అరచేతిలోనే. "పోయిన వారం రాలేదేం అక్కా?" అంటే, "నేను పెడితేనే తింటాది మా మామా. ఎట్ల వదిలిపెట్టి వచ్చేది? ఇప్పుడు గూడా రెండు గంటలని చెప్పొచ్చినా" అంది.

మామా అంటే అమ్మ, బాబా అంటే నాన్న. యజమానుల్ని ఇక్కడ పిలిచేది అలాగే. చూశారా, ఇక్కడా ఇంట్లో మనిషే!

మన ఊళ్ళల్లో ఇట్లా కాదులెండి, అని రాయబోయాను. మా అవ్వ మంచాన పడ్డాక ఒకామెను పెట్టాం. తొమ్మిదేళ్ళుంది. మేం తిన్నదే తినింది, పండక్కి మాతోబాటే కొత్త చీర, కూతురి పెళ్ళికి నాన్న ఉంగరం చేయించాడు. ఇంతవరకు రాసి, ఆమె ఏ వారం ఇంటికి పోయేదో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఏ వారమూ లేదు. ఒకసారి గంగమ్మ జాతరకు పోయొస్తానని అడిగింది. "నువ్వు పోతే నన్నెవరే లేపేది?" అంది అవ్వ. ఆమె ఉండిపోయింది, మేమంతా జీపులో పోయినాం.

జాతరలో అమ్మ ఆమెకని డజను మట్టిగాజులు బేరం చేసింది. "సైజెంతమ్మా?" అంది అంగడామె. అమ్మ నన్నడిగింది, అత్తనడిగింది. ఎవరికీ తెలీదు. అందాజుగా తెచ్చినవి ఆమె చేతికెక్కలేదు. చాన్నాళ్ళు మా చెల్లెలు వేసుకుంది.