మా పిల్లి భోజనం

పిల్లికి పాలూ అన్నమూ చాలునని చాలామంది అనుకుంటారు. కాని పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. టారిన్ అనే పదార్థం మాంసంలోనూ చేపల్లోనూ ఉంటుంది, అన్నంలో ఉండదు. అది అందకపోతే పిల్లికి చూపు పోతుందని 1975లో శాస్త్రజ్ఞులు చూపించారు.

మాది మైపాడు. వంజరం ధర మాకే అందదు, ఇక పిల్లికెక్కడ! అందుకని అమ్మ చవకగా దొరికే కవళ్ళు, నెత్తళ్ళు కొంటుంది. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెడుతుంది. పచ్చిచేపల్లో బి1 విటమినును చెరిచే గుణం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. టారిన్ కొంత నీళ్ళలోకి దిగుతుంది గనుక ఆ నీళ్ళను పారబోయక చేపల్లోనే కలుపుతాం. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, అవి పెట్టం. నెల్లూరు చేపల పులుసు మనకు అమృతమే, కాని అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం.

చేపలొక్కటే చాలవు, పిల్లలూ! మధ్యమధ్య కోడిమాంసం, ఉడికిన గుడ్డు పెట్టాలి. పొట్లం కొంటే, ధర కాదు, పిల్లులకు సంపూర్ణాహారమని దానిమీద ఉన్నదీ లేనిదీ చూడాలి. చీకట్లో ఎలుకను పట్టే ఆ కళ్ళు మనం పెట్టే ముద్దమీదే ఆధారపడి ఉన్నాయి. మూగజీవి అడగలేదు, మనమే తెలుసుకుని పెట్టాలి.