అమ్మ వేసిన ఓటు

2009 ఏప్రిల్ 16వ తేదీ ఉదయం నాచారంలోని ఒక పాఠశాల ఆవరణలో, మా అమ్మతో కలిసి ఓటర్ల వరుసలో నిలుచున్నాను. నియోజకవర్గాల పునర్విభజన తరువాత వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికలవి. మా ఉప్పల్ శాసనసభా స్థానమూ, దానిని కలుపుకొన్న మల్కాజిగిరి లోక్‌సభా స్థానమూ అప్పుడే పుట్టాయి. లోక్‌సభ అభ్యర్థులలో అమ్మ ఎరిగిన పేరు ఒక్కటే, తూళ్ల దేవేందర్ గౌడ్.

అమ్మకు అక్షరాలు రావు. నాచారం పారిశ్రామికవాడలో నాకు పని దొరికేదాకా ఆమె మేడ్చల్ దగ్గరి మా పల్లెలోనే ఉండేది. తుక్కుగూడకు చెందిన గౌడ్ గారు 1988లో రంగారెడ్డి జిల్లా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1994, 1999, 2004లలో మేడ్చల్ నుంచి శాసనసభకు గెలిచారు. చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో రెవెన్యూ, తరువాత హోం శాఖలు నిర్వహించారు. భూమి కాగితాల కచేరీ, పోలీసు ఠాణా – పల్లెవాసి ఎక్కడానికి జంకే గడపలు ఈ రెండే కదా! అమ్మకు మాత్రం ఆయన మంత్రి కన్న ముందు సైకిలు గుర్తు.

ఆ గుర్తును ఆయన 2008లో విడిచారు. ప్రత్యేక తెలంగాణ కోసమని తెలుగుదేశం నుంచి బయటికి వచ్చి నవ తెలంగాణ ప్రజా పార్టీని స్థాపించారు. అంతటి స్థానాన్ని వదులుకోవడం నాకు ఆనాడు సాహసంగానే తోచింది; ఈనాటికీ అలాగే తోస్తున్నది. అయితే కొత్త పార్టీ ఊళ్లలో వేళ్లూనడానికి ఏళ్లు పడుతుంది. ఆయన ఏడాదైనా ఆగక, ఎన్నికల ముందు దానిని ప్రజారాజ్యంలో కలిపివేశారు. అది నాకు మింగుడుపడలేదు. ఇప్పుడు ఆయన గుర్తు రైలింజను.

ఈ సంగతి ఇంటివద్దే అమ్మకు చెప్పవలసింది. చదువుకున్నవాడినై ఉండీ చెప్పలేదు. ఓటు వేసి వచ్చిన అమ్మ ముఖం వెలిగిపోతున్నది.

“గౌడ్ సారుకే ఏసిన బిడ్డా, సైకిల్ మీద గట్టిగ ఒత్తిన” అన్నది.

నేను నోరు మెదపలేకపోయాను. అలా ఒత్తిన తల్లులు ఇంకెందరో!

ఆ ఎన్నికలలో ఆయన మల్కాజిగిరిలోనూ, ఇబ్రహీంపట్నం శాసనసభా స్థానంలోనూ ఓడిపోయారు. తరువాత తెలుగుదేశానికే తిరిగివచ్చి 2012 నుంచి 2018 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు. 2014 జూన్ 2న తెలంగాణ అవతరించిన నాడు, దానికోసం ఏ పార్టీని విడిచారో ఆ పార్టీలోనే ఉన్నారు.

ఆయన తిరిగివచ్చిన వార్తను నేను పత్రికలో చదివి వినిపించినప్పుడు అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. తల ఎత్తకుండానే అడిగింది:

“సైకిల్ ఎప్పుడు దిగిండు బిడ్డా?”