కొత్తది వేసినా పాతదే పలుకుతుంటే

పోస్టు కొంచెం పొడవే. కంప్యూటర్ కోర్సుల్లో చేరినవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

కల్లూరు వైపు మాలో చాలామంది చేతుల్లో ఉండేది సెకండ్ హ్యాండ్ లాప్‌టాపే. అందులో ఇంతకుముందు వాడినోళ్లు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు అట్లనే ఉంటయి. మనం కొత్తది వేస్తాం, ఇన్‌స్టాల్ అయిందని చూపిస్తుంది, తీరా నడిపితే పాతదే నడుస్తది. మా చెల్లె ఒకామెకు ఇదే ఎదురైంది. సార్ ఇచ్చిన పైథాన్ ప్రోగ్రాంలో 'మ్యాచ్' అనే స్టేట్‌మెంట్ ఉంది. అది 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచే పనిచేస్తది. చెల్లె 3.12 వేసింది. అయినా సింటాక్స్ ఎర్రరే. వెర్షన్ అడిగితే 3.6 అంటోంది. రెండుసార్లు తీసి మళ్లీ వేసినా అదే కథ.

రిపేరు షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నరు. ఆ లాప్‌టాప్‌లో వాళ్ల నాయనమ్మ చెప్పిన కోయ మాటల రికార్డింగులు ఉన్నయి. వేరే చోట కాపీ లేదు. ఆ మాటలను వరసగా పేర్చే ప్రోగ్రాం రాయాలనే ఆమె కోర్సులో చేరింది. "ఈ చదువు మనకు రాదులే అక్కా, మానేస్త" అన్నది.

మేము నలుగురం కూర్చుని చూసినం. లాప్‌టాప్ బాగానే ఉంది, చెల్లె వేసిన పైథాన్ కూడా బాగానే ఉంది. తిరకాసంతా 'పాత్' అనే సెట్టింగ్ దగ్గర.

కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని టైప్ చేస్తే కంప్యూటర్ డిస్కంతా వెతకదు. దాని దగ్గర ఫోల్డర్ల జాబితా ఒకటి ఉంటది. దాని పేరే పాత్. పైనుంచి ఒక్కో ఫోల్డర్ చూసుకుంటూ పోయి, ఆ పేరుతో మొదట ఏది దొరికితే దాన్నే నడుపుతది. కొత్తదా పాతదా అని చూడదు. ఊళ్లో ఒకే పేరున్నోళ్లు ఇద్దరుంటే పోస్టుమ్యాన్ మొదటి ఇంట్లోనే ఉత్తరం ఇచ్చిపోయినట్టు. 1979లో యూనిక్స్ 7వ వెర్షన్‌తో వచ్చిన బోర్న్ షెల్ కాలం నుంచీ ఉన్న పద్ధతి ఇది.

విండోస్‌లో ఈ జాబితాలు రెండు: సిస్టమ్‌ది, యూజర్‌ది. ముందు సిస్టమ్‌ది చూసి, తర్వాతే యూజర్‌ది చూస్తది. పాత పైథాన్‌ను ఎవరో 'ఆల్ యూజర్స్' కోసం వేసినరు కాబట్టి అది సిస్టమ్ జాబితాలో ఉంది. చెల్లె వేసింది యూజర్ జాబితాలో చేరింది. అందుకే ఎన్నిసార్లు వేసినా అది వెనకే.

మేము చేసింది ఇది:

1. కమాండ్ ప్రాంప్ట్‌లో (పవర్‌షెల్‌లో కాదు) 'వేర్ పైథాన్' అని ఇంగ్లిష్‌లో కొట్టినం. ఉన్న పైథాన్లను వెతికే వరసలోనే చూపిస్తది. అన్నిటికంటే పైన ఉన్నదే నడిచేది.

2. స్టార్ట్ మెనూలో 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' అని వెతికి తెరిచినం. కింది బాక్సులో సిస్టమ్ పాత్ ఉంటది. మార్చేముందు దాన్ని నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి దాచినం. తర్వాత కొత్త పైథాన్ ఫోల్డర్‌ను, దాని లోపలి 'స్క్రిప్ట్స్' ఫోల్డర్‌ను చేర్చి, 'మూవ్ అప్' నొక్కి పాతవాటి పైకి జరిపినం. మిగతా లైన్లు ముట్టుకోలేదు.

3. తెరిచి ఉన్న నల్ల విండో మూసి కొత్తది తెరిచినం. పాత విండో తాను తెరుచుకున్నప్పటి పాత్‌నే పట్టుకుని ఉంటది, మారింది దానికి తెలవదు.

వెర్షన్ 3.12 అని వచ్చింది. ఫార్మాట్ లేదు, రికార్డింగులు భద్రం. ముందైతే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినం.

ఇంకొన్ని సంగతులు. సెట్‌ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చమని కొందరు చెప్తరు. పొడవైన పాత్‌ను అది 1024 అక్షరాల దగ్గర కోసేస్తది, దాని జోలికి పోకండి. కాలేజీ ల్యాబ్‌లో సెట్టింగులు మార్చే పర్మిషన్ లేకపోతే, 'పీ', 'వై' అనే రెండక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి 3.12 అని రాస్తే ఆ వెర్షనే నడుస్తది. విండోస్ 7 ఉన్నవాళ్లు కొత్త పైథాన్ కోసం డేటా ఖర్చు చేయకండి, అందులో పనిచేసే చివరి వెర్షన్ 3.8. ఉబుంటు వాడేవాళ్లు దానితోపాటు వచ్చిన పైథాన్‌ను తీసేయొద్దు, సిస్టమ్ పనులు చాలా దాని మీదే నడుస్తయి.

ఖమ్మం పోయి చూపించుకోవాలంటే తల్లాడ, వైరా దాటి పోవాలె. బస్సు చార్జీ, షాపు ఖర్చు, ఒక రోజు చదువు పోతయి. అందుకే ఎవరైనా ఫార్మాట్ అన్నరంటే ముందు 'వేర్' కమాండ్ కొట్టి, వచ్చింది ఫొటో తీసి ఈ గ్రూపులో పెట్టండి. అందరం కలిసి చూద్దాం. కోర్సు మానేద్దామనే ఆలోచన వచ్చినా ముందు గ్రూపుకే చెప్పండి. మా చెల్లె ఇప్పుడు 'అ' నుంచి మాటలు పేర్చడం మొదలుపెట్టింది.