పట్టూ విడుపూ

నలభై ఏళ్ళు నూలుపోగుల మధ్య బతికినవాణ్ణి. తెగిన పోగు అతకడం నా చేతులకు ఒకరు చెప్పనక్కరలేదు. నిద్రలో లేపి రెండు కొసలు చేతికిచ్చినా ముడి పడిపోతుంది. మా తాత కరీంనగరం వైపు నుంచి షోలాపూరు వచ్చి చేతిమగ్గం వేశాడు. మా నాన్న మరమగ్గాలు పెట్టాడు. నేను వాటిమీద చద్దర్లూ తువ్వాళ్ళూ నేసి పిల్లల్ని చదివించాను. ఇలాంటివాడు సముద్రపు ఒడ్డున నిలబడి, పడవ వెనక మనుషుల్ని కట్టి లాగే తాళ్ళ గురించి చెప్పబోవడం ఏమిటని మీకనిపించవచ్చు. మా మేనల్లుడు మొదటిసారి ఫోను చేసినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

2020 లాక్‌డౌన్‌లో మూసిన వాడి కార్ఖానా మళ్ళీ తెరుచుకోలేదు. సాంచాలు తుక్కు కింద అమ్మేశాడు. కాలేజీలో తనతో చదువుకున్న మాల్వణి స్నేహితుడొకడితో పొత్తు కలిసి, తార్కర్లీ దగ్గర ఒక మోటారు పడవ తీసుకున్నాడు. మాల్వణ్ తీరానికి సెలవుల్లో వచ్చే జనాన్ని ఆ పడవ వెనక 'అరటిపండు' మీద ఎక్కించి తిప్పుతారు. గాలి ఊదిన పొడుగాటి పచ్చటి తిత్తి అది. ఆరుగురు గుర్రమెక్కినట్టు దానిమీద వరసగా కూర్చుంటారు. పడవ తాడుతో లాక్కుపోతుంది. చివర్లో గిరుక్కున తిప్పి అందర్నీ నీళ్ళలో పడేస్తారు. పడేసినందుకే డబ్బులివ్వడం!

"మామా, దోరీ నువ్వే చూసిపెట్టాలె. పోగు సంగతి నీకు తెల్సినంత ఎవరికి తెల్సు?" అన్నాడు.

అరవై దాటినవాణ్ణి అంతకంటే సులువుగా పడగొట్టే మాట ఏముంటుంది చెప్పండి. షోలాపూరు బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. లాగి చూశాను, పురి విప్పి చూశాను, కొస కాల్చి వాసన చూశాను. బొటనవేలంత లావున, మూడు పాయల నైలాను తాడు ఎంచాను. గట్టిది, మెత్తనిది, చేతికి కొయ్యదు. కొల్హాపూరు మీదుగా ఘాటు దిగి స్వయంగా తీసుకుపోయి, పడవ వెనక కడ్డీకి నా చేత్తోనే ముడి వేశాను. "ఇగ ఏనుగు లాగినా ఊడదు" అన్నాను కూడా.

ఊడలేదు. జరిగింది అదే.

2022 నవంబరులో ఒక మధ్యాహ్నం నేనూ పడవలో ఉన్నాను. కొల్హాపూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు. అలవాటు ప్రకారం తిప్పి పడేశారు, పిల్లలు నవ్వుతూ తేలారు, పడవ ఆగింది. ఆగగానే తాడు వదులై నీళ్ళలోకి దిగిపోయింది. నైలాను నీటికన్నా బరువు. ఒకటికి ఒకటీ పద్నాలుగు వంతుల బరువు అని తరవాత చదువుకున్నాను. ఆ రోజు తెలిసిందల్లా తాడు కంటికి కనబడకుండా పోవడమే. పిల్లలు మళ్ళీ ఎక్కడానికి తంటాలు పడుతుంటే కిందనున్న తాడు మెలిక ఒక అబ్బాయి చీలమండకు చుట్టుకుంది. పడవ కొంచెం ముందుకు కదలగానే ఆ మెలిక బిగిసింది. అరుపు విని మావాడు మోటారు ఆపాడు. కానీ కెరటం పడవను ఒకవైపు, ఆ పచ్చటి తిత్తిని ఇంకొకవైపు నెడుతోంది. తాడు వదులు కావడం లేదు.

"ఇప్పు! ముడి ఇప్పు!" అని మావాడు కేకలు. వెనక కూర్చున్న మాల్వణి కుర్రాడికి తెలుగు రాదు. వాడు నా మొహం చూశాడు. నేను ముడిమీద పడ్డాను. తడిసి బిగిసిన ముడి రాయిలాగా ఉంది. వేసిన చేతులకే అది లొంగలేదు. కొయ్యడానికి పడవలో కత్తి లేదు. చివరికి మావాడి స్నేహితుడు నీళ్ళలో దూకి, ఆ తిత్తిని పడవ వైపు తోసి, కాలు విడిపించాడు. ఎంతసేపు పట్టిందంటే చెప్పలేను. ఆ అబ్బాయి చీలమండ చుట్టూ చర్మం ఒలిచినట్టు లేచిపోయింది. ఎముక విరగలేదు. ఆసుపత్రి ఖర్చు మావాడు పెట్టుకున్నాడు. అబ్బాయి తండ్రి వచ్చి, గొడవేమీ చెయ్యకుండా, తాడు ఒకసారి చూపించమన్నాడు. చూసి, "దీన్ని ఎవరు కొన్నారు?" అని అడిగాడు. నేనే అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటినుంచి ఈ విషయం నా మెదడును పట్టుకుంది. షోలాపూరు తిరిగొచ్చాక మనవరాలి చేత కంప్యూటరులో వెతికించి చదివించుకున్నాను. ఈ నీటి స్కీ ఆట 1922లో అమెరికాలో పుట్టిందట. మిన్నెసోటాలో పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు చెక్కలు కాళ్ళకు కట్టుకుని, బట్టలారేసే తాడు పట్టుకుని పడవ వెనక లేచి నిలబడ్డాడు. బట్టల తాడు! నా నైలానుకంటే అదే నయమనుకున్నాను. ఏం లేదన్నా దాన్ని చేత్తో పట్టుకున్నాడు, వదిలేస్తే వదిలిపోతుంది.

ఇలా లాగే పనికి వాడవలసింది పాలీప్రొపిలీన్ తాడు. నీటికన్నా తేలిక గనక పైన తేలుతుంది, ఎర్రదో పచ్చదో అయితే దూరానికి కనబడుతుంది. నైలానంత సాగదు. సాగడం మంచిదేగా అనుకునేవాణ్ణి, మగ్గం మీద సాగని పోగు తెగుతుంది కాబట్టి. కానీ బాగా సాగిన తాడు తెగినా, కొక్కెం ఊడినా కొరడాలాగా పడవలోకి తిరిగి వస్తుంది. పాలీప్రొపిలీన్‌కు మాత్రం ఎండంటే పడదు. ఎండలో పడేసి ఉంచితే నూగు లేచి, గిల్లితే పొడి రాలుతుంది. ఆ పొడి చూస్తే పారెయ్యాల్సిందే.

బలం సంగతికొస్తే, అమెరికాలో ఈ వ్యాపారం వాళ్ళు పెట్టుకున్న లెక్క ఉంది. గాలి తిత్తి మీద ఇద్దరైతే తాడు కనీసం 2,375 పౌండ్లకు, అంటే సుమారు 1,080 కిలోలకు తట్టుకోవాలి. నలుగురైతే 4,100 పౌండ్లకు, అంటే 1,860 కిలోల దాకా. నలుగురి బరువు మూడొందల కిలోలు కాదు కదా, ఇంత ఎందుకంటే, తిత్తి ముక్కు కెరటంలోకి దిగినప్పుడు తాడు లాగేది మనుషుల్ని కాదు, గోడలా అడ్డుపడ్డ నీళ్ళను. పొడుగు 50 అడుగులకు తగ్గకూడదు, 65 దాటకూడదు. ఇంకొకటి చదివి నా గర్వం కాస్తా దిగిపోయింది: ముడి పడ్డ చోట తాడు బలం సగానికి దగ్గరగా పడిపోతుందట. కొసను పాయల్లోకి తిరిగి అల్లి కన్ను చేస్తే ఆ నష్టం చాలా తక్కువ. నలభై ఏళ్ళు ముడులు వేసి బతికినవాడు ఇది ఒప్పుకోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

ఇక అసలు వస్తువు. దాన్ని ఇంగ్లీషులో రిలీజ్ అంటారు. మా ఇంట్లో 'విడుపు' అంటున్నాం. పడవ వెనక కడ్డీకీ తాడుకూ మధ్య ఉండే కొక్కెం అది. దానికో చిన్న తాడుంటుంది, దాన్ని గుంజితే పెద్ద తాడు జారిపోతుంది. స్కీలో విన్యాసాలు చేసేవాళ్ళు తాడు పిడిని చేత్తో కాక పాదానికి తగిలించుకుని తిరుగుతారు. పడితే తామై వదల్లేరు. అందుకని పడవలో ఒక మనిషి ఆ చిన్న తాడు పట్టుకుని, వాళ్ళ మీంచి చూపు మరల్చకుండా కూర్చుంటాడు. పడుతున్నాడనగానే గుంజాలి. మా అరటిపండు ఎక్కేవాళ్ళు చేత్తోనే పట్టుకుంటారు గనక దీనికి ఆ కొక్కెం అక్కర్లేదని చాలామంది నడిపేవాళ్ళ లెక్క. ఆ అబ్బాయి కాలు చూసినవాడికి అక్కర్లేదనిపించదు.

ఎంచడంలో మళ్ళీ తప్పు చేశాను. మొదట తెప్పించింది ఒక్క మనిషిని లాగే స్కీకి చేసినది. ఆరుగురి తిత్తికి అది పనికిరాదని దానిమీదే రాసి ఉంది, చిన్న అక్షరాలతో. రెండోది తెరచాప పడవల దుకాణంలో దొరికిన చీల కొక్కెం. చూడ్డానికి నిగనిగలాడుతోంది. ఒడ్డున సరుగుడు చెట్టుకు తాడు కట్టి, రెండో కొస ఆ కొక్కేనికి తగిలించి, నలుగురు కుర్రాళ్ళ చేత లాగించాను. ఉత్తప్పుడు వేలితో ఊడివచ్చిన చీల, బరువు పడగానే బిగుసుకుని రెండు చేతులకూ రాలేదు. అప్పుడు అర్థమైంది. మంచి విడుపులో బరువంతా కీలు మీద పడాలి, చీలకు దక్కేది కొసరు మాత్రమే కావాలి. పూర్తి బరువు మీద కూడా ఒంటిచేత్తో తెరుచుకోవాలి, గుంజకపోతే మాత్రం తనంతట తెరుచుకోకూడదు. మూడోది అలాంటిది దొరికింది. ఉప్పునీటికి తట్టుకునే ఉక్కు. అయినా రోజూ మంచినీళ్ళతో కడగాలి, ఇసకరేణువు ఇరికితే అదీ మొరాయిస్తుంది. గుంజే చిన్న తాడును ఎవరూ మణికట్టుకు చుట్టుకోకూడదు. ఒక కత్తి కూడా పక్కనే ఒరలో పెట్టించాను.

మోటారుకు ఇంకో విడుపు ఉంటుంది. నడిపేవాడి కాలికో జాకెట్టుకో తగిలించే ఎర్ర చుట్టల తాడు. వాడు పడిపోతే తాడు ఊడి మోటారు ఆగుతుంది. మావాడు దాన్ని స్టీరింగుకు తగిలించి వదిలేసేవాడు, కదిలినప్పుడల్లా ఆగిపోతోందని. నాకు నవ్వూ కోపమూ వచ్చాయి. పేక తెగితే సాంచ తనంతట ఆగడానికి ఒక చిన్న ఫోర్కు ఉంటుంది. మాటిమాటికీ ఆగుతోందని దాన్ని దారంతో కట్టేసే పనివాళ్ళను ఎంతమందిని తిట్టానో! ఆర్డరు తొందరలో చూసీ చూడనట్టు ఊరుకున్న రోజులూ ఉన్నాయి. అక్కడ చెడేది గజం గుడ్డ. 2013 మేలో ఇంగ్లండులో పాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబం మొత్తం నడుస్తున్న పడవలోంచి నీళ్ళలో పడింది. ఆ తాడు ఎవరికీ తగిలించి లేదు. పడవ దానంతటది గిరగిరా తిరిగి వాళ్ళమీదికే వచ్చింది. తండ్రీ, ఒక కూతురూ చనిపోయారు. ఇది చదివి వినిపించాక మావాడు మాట్లాడకుండా ఎర్రతాడు కాలికి తగిలించుకున్నాడు.

జాకెట్ల విషయంలో ఇంకా పెద్ద పేచీ. ఒక జాకెట్టు బకిలు విరిగితే, "కాకా, మీ నేత ముడి వేసి పెట్టండి, ఊడదు" అని తెచ్చాడు మాల్వణి కుర్రాడు. ఊడదనే కదా భయం! వెయ్యలేదు, అవతల పెట్టించాను. ఈ జాకెట్లకు తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతారు. 50 అని రాసి ఉంటే ఈతొచ్చినవాళ్ళకు, 100 ఉంటే రానివాళ్ళకు. తార్కర్లీ వచ్చే మనవాళ్ళలో ఈతొచ్చినవాళ్ళెందరు? నూరుది కొనిపించాను, పిల్లల సైజులు వేరేగా. తడిస్తే తనంతట ఉబ్బే రకాలు దీనికి పనికిరావు, పడ్డ ప్రతిసారీ ఉబ్బి కూర్చుంటాయి. ఒకరి తల ఇంకొకరికి తగలడం మామూలు గనక హెల్మెట్లు కూడా కొనిపించాను. వీటిమీద ఆడవాళ్ళ గొణుగుడు ఇంకా తగ్గలేదు, జడలకు పట్టవట.

అన్నిటికన్నా కష్టమైంది తాడూ కాదు, కొక్కెమూ కాదు. వెనక కూర్చునే మనిషి. ఆ కుర్రాడి పని తిత్తి మీదివాళ్ళను చూడడం. చేస్తున్న పని ఫోనులో వీడియో తియ్యడం. వచ్చినవాళ్ళకు ఆ వీడియో అమ్ముతారు, అందులో మంచి ఆదాయం.

"వీడియో లేకపోతే పక్క పడవకు పోతరు మామా" అన్నాడు మావాడు.

"పోనీ."

"పోనీ అంటే? నా కిస్తీలు నువ్వు కడ్తవా?"

ఆ రాత్రి ఇద్దరం అన్నం సరిగా తినలేదు. వాడి మాటలో అబద్ధం లేదు. కార్ఖానా పోగొట్టుకున్నవాడికి పడవా పోతుందేమోననే భయం ఎంతటిదో నాకు తెలియదా! తెల్లారాక వాడే ఒడ్డుకు వచ్చి, కుర్రాడి చేతిలో ఫోను తీసుకుని, పడవ కడ్డీకి బిగించే స్టాండు ఒకటి కొంటానన్నాడు. వీడియో కొంచెం వంకరగా వస్తుంది, జనం గొణుగుతారు. కుర్రాడి చేతిలో ఇప్పుడు విడుపు తాడొక్కటే ఉంటుంది. కేక కూడా ఒకటే అని ఒప్పుకున్నాం, మరాఠీలో: 'సోడ్'. తొందరలో మావాడి నోట తెలుగే వస్తుందని ఆ కుర్రాడు 'ఇడువు' కూడా నేర్చుకున్నాడు. అప్పుడప్పుడు నన్ను చూసి ఊరికే అంటుంటాడు, "కాకా, ఇడువు!" అని.

వానలు వెళ్ళాక మొన్నటి సీజను మొదట్లో ఖాళీ తిత్తితో పరీక్షకు పోయాం. సరదాగా ఆ తాడు నా చేతికిచ్చారు. పడవ వేగం అందుకుంది, తాడు తీగలా బిగిసింది. చెప్పాపెట్టకుండా మావాడు "సోడ్!" అని అరిచాడు. నాకు వినబడింది. ఏం చెయ్యాలో తెలుసు. వేళ్ళు మాత్రం ఇంకా గట్టిగా మూసుకున్నాయి, పోగు తెగబోతున్నప్పుడు మూసుకున్నట్టే. ఆ కుర్రాడి చెయ్యి నా చేతిమీదికి వచ్చి గుంజింది. తాడు పాములా నీళ్ళమీద జారిపోయి తేలింది.

అప్పటినుంచి నా చోటు ఒడ్డున, జాకెట్ల కుప్ప దగ్గర. బకిళ్ళు చూస్తాను, పట్టీలు బిగిస్తాను. దీపావళికి మా అక్క వచ్చి కొడుకు పడవ ఎక్కుతానంది. డెబ్బై ఏళ్ళ మనిషి. గాజులు తియ్యదు, జాకెట్టు బిగించనివ్వదు, ఊపిరాడటం లేదంటుంది. రెండు భుజాల పట్టీలూ పట్టి పైకి లాగి చూశాను. చెవులదాకా వచ్చింది. మళ్ళీ బిగించాను.

"సచ్చిపోతనురా" అంది.

"చేతులు పైకెత్తు అక్కా, ఇంకో పట్టీ ఉంది" అన్నాను.